సారె ఆటోలో ఫ్లాట్ టీవీ

మేం ఫ్లాట్ టీవీ కొన్నామండి. ముప్ఫై రెండంగుళాల ఎల్సీడీ. బిల్లు నా పేరు మీదే ఉంది, వారంటీ కార్డు మా బీరువాలోనే ఉంది. టీవీ మాత్రం మా ఇంట్లో లేదు. ఎందుకు లేదో చెప్తాను. నవ్వొస్తే నవ్వుకోండి, మా వీధిలో అందరూ ఇప్పటికే నవ్వేశారు.

నాకు రాజమండ్రిలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టుంది. విడిభాగాలు తెచ్చి కొత్తవి బిగించి కూడా అమ్ముతాను. ఈ వ్యాపారంలో నేను మొట్టమొదట నేర్చుకున్నది ఒకటే: కరెంటుతో నడిచే ఏ వస్తువైనా ఇవాళ కొంటే నష్టం, వచ్చే నెల కొంటే లాభం. ఈ సూత్రం మా ఇంటి టీవీకి కూడా పెట్టాను. అక్కడే వచ్చింది గొడవ.

మా పాత టీవీకి రంగులు పోయాయి. ఎవరు కనిపించినా పసుపు పచ్చగానే కనిపిస్తారు. అమ్మ దాని పక్కన ఓ చరుపు చరిచి, "ఏరా సత్తీ, ఇందులో అందరికీ పచ్చకామెర్లేంట్రా?" అనేది.

"ఇంకో రెండు నెలలాగమ్మా. రెండు మూడు వేలు తగ్గుతుంది."

రెండు నెలలకి నిజంగానే తగ్గింది. తగ్గిందంటే ఇంకా తగ్గుతుందనే కదా అర్థం. మళ్ళీ ఆగాను. అలా ఏడాది దాటిపోయింది. నాన్న పేపర్లోంచి తలెత్తకుండా, "వీడి లెక్క ప్రకారం ఇంకో పదేళ్ళాగితే ఊరికే ఇస్తారే, కంగారు పడకు" అన్నారు.

చివరికి అమ్మ గట్టిగా నిలదీసింది. "వరలక్ష్మీ వ్రతానికి పేరంటాళ్ళొస్తారు. అప్పటికైనా ఉంటుందా, ఉండదా? ఒక్క మాట చెప్పు."

"ఉంటుంది" అన్నాను.

మాట ఇచ్చేశాను. కొట్టు పెట్టిన దగ్గర్నుంచి మా ఇంట్లో నా మాటకో విలువొచ్చింది. గ్యాసు ఎప్పుడు అయిపోతుందో కూడా నన్నే అడుగుతారు. ఆ విలువంతా ఇప్పుడు ఆ టీవీ మీద పెట్టినట్టయింది. వ్రతానికి టీవీ రాకపోతే ఇక నా లెక్కలు ఎవరూ వినరు.

ఈలోపు ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో ఎవరూ కొత్త వస్తువులు కొనరు కాబట్టి కొట్లవాళ్ళు సేల్ పెడతారు. నేను చూస్తున్న టీవీ మీద ఏకంగా నాలుగు వేలు తగ్గించారు.

"ఆషాఢం ఆఖరి రోజు దాకానే సార్" అన్నాడు సేల్స్‌మాన్. "శ్రావణంలో జనం వాళ్ళంతట వాళ్ళే వస్తారు. మేమెందుకు తగ్గిస్తాం?"

నా సూత్రానికి ఎదురుతిరిగిన మొదటి మనిషి అతనే. పైగా అతని మాటలో న్యాయముంది. రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. ఇప్పుడు కొందామంటే అమ్మ ఒప్పుకోదు. ఆగుదామంటే ధర పెరుగుతుంది. మళ్ళీ తగ్గేదాకా ఆగితే వ్రతం వెళ్ళిపోతుంది. కొట్లో కస్టమరు కీబోర్డు అడిగితే మౌసు ప్యాక్ చేసి ఇచ్చాను.

అమ్మ దగ్గర నెమ్మదిగా కదిపి చూశాను.

"ఆషాఢంలో కొత్త వస్తువు గడప దాటి లోపలికి రాకూడదు."

"ఎందుకు రాకూడదు?"

"రాకూడదు."

"మరి నిన్న చీపురు కొన్నావుగా?"

"చీపురూ టీవీ ఒకటేంట్రా? వెధవ లెక్కలూ నువ్వూనూ."

పోనీ బిల్లు కట్టేసి శ్రావణం దాకా షాపులోనే ఉంచుదామంటే, గోడౌన్లో చోటు లేదు, బిల్లయిన రోజే ఎత్తాలన్నారు. నా కొట్లో పెడదామంటే వానకి రెండు చోట్ల కారుతోంది. స్నేహితులిళ్ళల్లో ఒకడికి ముగ్గురు పిల్లలు. ఇంకొకడికి అసలు టీవీయే లేదు, పెట్టె విప్పకుండా ఉంటాడన్న నమ్మకం నాకు లేదు.

అప్పుడు మా అక్క దారి చూపించింది. "మా ఇంట్లో పెట్టరా. వెనక గది ఖాళీగానే ఉంది."

అక్కకి మాఘంలో పెళ్ళయింది, మండపేటలో ఇచ్చాం. బావగారు అక్కడే రైసు మిల్లులో లెక్కలు చూస్తారు. మా వైపు పెళ్ళయ్యాక వచ్చే మొదటి ఆషాఢానికి అమ్మాయి పుట్టింటికొచ్చేస్తుంది. ఆ నెలంతా అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు. అంటే మా ఇంటికి ఆ నెల రాకూడనివి రెండు, టీవీ, బావగారూ. రెండూ ఒకే చోట ఉంటే మంచిదే అనిపించింది. అమ్మ కూడా, "పెట్టె విప్పకపోతే కొన్నట్టు కాదేమోలే" అని సర్దుకుంది.

అక్క బావగారికి ఫోన్ చేసి నా ముందే చెప్పింది. "తమ్ముడు ఓ పెట్టె తెస్తాడు. వెనక గదిలో పెట్టించండి. విప్పద్దు. అత్తయ్యగారికి కూడా చెప్పండి." అటునుంచి "సరే సరే" అని వినిపించింది. ఆ సమయంలో ఆయన లారీలోకి ఎక్కుతున్న బస్తాలు లెక్కపెడుతున్నారని మాకు తర్వాత తెలిసింది.

ఇక్కడ నా బుర్ర పనిచేసింది. పనిచెయ్యకపోతే ఎంతో బాగుండేది. ఆషాఢంలో ఆడపిల్లవారు వియ్యాలవారికి సారె పంపించాలి. అమ్మ అప్పటికే సున్నుండలు, అరిసెలు, పూతరేకులు, ఓ అరటి గెల, బావగారికి పంచెలచాపు, అత్తయ్యగారికి చీర, అన్నీ సిద్ధం చేసి గురువారం పంపిద్దామంటోంది. సారెకో ఆటో, టీవీకో ఆటో దేనికి? రెండూ ఒకే ట్రాలీ ఆటోలో వేస్తే ఒక కిరాయి మిగిలిపోతుంది కదా. ఈ ఐడియా వచ్చినందుకు ఆ రోజంతా నా భుజం నేనే తట్టుకున్నాను.

గురువారం షాపులో బిల్లు కట్టి, టీవీ ఎక్కించుకుని డ్రైవరూ నేనూ బయల్దేరాం. కడియం దాటేసరికి వాన పట్టుకుంది. టీవీ పెట్టెకి పరదా కప్పి, దాన్ని కౌగిలించుకుని వెనకాలే కూర్చున్నాను. గొయ్యి వచ్చినప్పుడల్లా గెల వచ్చి పెట్టెకి తగిలేది. ద్వారపూడి వచ్చేసరికి గెలని ఒళ్ళో పెట్టుకున్నాను. తాపేశ్వరంలో ఆగి కాజాల బుట్ట ఎక్కించాను. అదెక్కడ పెట్టాలో తెలియక డ్రైవరు టీవీ పెట్టె మీదే పెట్టాడు.

మండపేటలో అక్క వాళ్ళింటి ముందు ఆటో ఆగిందో లేదో, నా ఫోన్ మోగింది. ఓ స్కూలువాళ్ళు. మార్కుల ఫైలు తెరుచుకోవడం లేదట. సిగ్నల్ కోసం వీధి చివరిదాకా నడిచాను. వెనకనించి డ్రైవరు కేకేశాడు.

"ఈ పెద్ద పెట్టె కూడా లోపలికేనా సార్?"

ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని తల ఊపాను. నా పతనానికి పట్టిన సమయం అంతే.

మార్కులు దొరికాక ఇంట్లోకి వెళ్ళాను. హాల్లో చాప పరిచి ఉంది. చాప మీద సున్నుండలు, అరిసెలు, పూతరేకులు, కాజాలు, చీర, పంచెలచాపు. మధ్యలో పెళ్ళికొడుకులా నా టీవీ. పెట్టెకి నాలుగు వైపులా పసుపు రాసి కుంకం బొట్లు పెట్టారు. చుట్టూ అరడజను మంది ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నారు.

అక్క అత్తగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు.

"ఇదేంటి బాబూ, మేమేమన్నా అడిగామా? ఇంత ఖర్చెందుకు పెట్టారు?"

నోరు తెరిచాను. ఏం చెప్పాలో సగం దాకా కూడబలుక్కున్నాను కూడా. "అది కాదు అత్తయ్యగారూ, ఇది కొన్నాళ్ళు ఇక్కడుంటుందని..."

"కొన్నాళ్ళేంటి నాయనా, కలకాలం ఉండాలి. శుభమా అని పెట్టి అలా అనకూడదు."

ఎదురింటి పార్వతిగారు పెట్టె చుట్టూ ఓసారి తిరిగొచ్చారు. "పోయిన వారం మా కోడలి వాళ్ళు ఇరవై రకాల స్వీట్లు పంపారని మురిసిపోయాను వదినా. ఇదేంటి, సినిమా హాలే పంపేశారు."

"మంచినీళ్ళు తాగొస్తాను" అని పెరట్లోకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేశాను. సంగతంతా విని అమ్మ అడిగింది ఒక్కటే.

"బొట్టు పెట్టేసిందా?"

"పెట్టేసిందమ్మా. నాలుగు వైపులా."

"అయితే అయిపోయింది."

ఫోన్ నాన్న తీసుకున్నారు. "బిల్లు నీ దగ్గరే ఉందా?"

"ఉంది నాన్నా."

"జాగ్రత్తగా పట్టుకురా. మనం చూసుకోవడానికి అదొక్కటేగా ఉంది."

ఆఖరికి అక్క ఫోన్లోకి వచ్చింది. అది నవ్వలేదు. "ఒరే, నేను అత్తయ్యగారితో మాట్లాడి చెప్పేస్తాను. ఆవిడ మంచిది, ఏమీ అనుకోదు. నీ కష్టార్జితం రా అది. ఫోన్ ఆవిడకియ్యి."

ఇవ్వడానికే లోపలికి నడిచాను. గుమ్మం దగ్గర ఆగిపోయాను. పెట్టె మూల వానకి కొంచెం తడిసింది. అత్తయ్యగారు చాప మీద కూర్చుని ఆ తడిని తన కొంగుతో అద్దుతూ, పార్వతిగారితో అంటున్నారు. "మా కోడలు ఇంట్లో లేక ఈ నెలంతా ఏమీ తోచడం లేదు వదినా. నాకు పొద్దుపోవాలని పంపినట్టున్నారు."

"ఇవ్వరా" అంటోంది అక్క ఫోన్లో.

"వద్దులే అక్కా" అన్నాను.

సాయంత్రం బావగారు మిల్లు నుంచి వచ్చారు. హాల్లో పెట్టె విప్పేసి ఉంది. నన్ను పక్కకి లాగి, "అదేంటి సత్తీ, విప్పద్దన్నారుగా?" అన్నారు.

"మీరు అత్తయ్యగారికి చెప్పారా?"

"ఏం చెప్పాలి?" అని, ఒక్క క్షణం ఆగి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు. "చచ్చాం. మర్చిపోయాను. నెలనెలా కొంత చొప్పున నీకిచ్చేస్తానయ్యా."

"భలేవారే, వద్దు బావగారూ" అన్నాను. ఎన్ని వాయిదాలవుతాయో మనసులో లెక్కేశాకే అన్నాననుకోండి.

కంప్యూటర్ల కుర్రాణ్ణి కాబట్టి బిగించే పనీ నాదే. నా టీవీని నా చేత్తోనే వాళ్ళ బల్ల మీద నిలబెట్టాను. కేబుల్ తగిలించాను, రంగులు సరిచేశాను. అత్తయ్యగారికి రిమోట్ నేర్పాను. ఆవిడ దాని ప్లాస్టిక్ కవరు తియ్యనివ్వలేదు. బొమ్మ రాగానే పార్వతిగారు, "అబ్బ, మనుషులు మన పక్కనే కూర్చున్నట్టున్నారు" అన్నారు. నిజమే. అందరూ దాని పక్కన కూర్చున్నారు. నేను మాత్రం ఆఖరి బస్సు తప్పిపోతుందని లేచాను.

శ్రావణం వచ్చింది. వ్రతం రోజు అమ్మ పాత టీవీ మీద కొత్త జాకెట్టు గుడ్డ కప్పి, దాని మీద అమ్మవారి పటం పెట్టేసింది. పేరంటాళ్ళెవరికీ అనుమానం రాలేదు. ఒకావిడ పీట ఎత్తు బాగా కుదిరిందంది కూడా. అమ్మ నన్ను తిట్టకుండా పాయసం రెండోసారి వడ్డించింది. అదే భయమేసింది. అన్నట్టు, ఆ మర్నాడే షాపతను ఫోన్ చేశాడు. కొత్త మోడల్ వచ్చిందట, పాతది ఆషాఢం రేటు కంటే ఇంకో రెండు వేలు తగ్గించేశారట. నేను ఎవరికీ చెప్పలేదు. మీకే చెప్తున్నాను.

ఆ సోమవారం అక్కని దింపడానికి అమ్మా నాన్నా నేనూ మండపేట వెళ్ళాం. అమ్మ ఆ టీవీని చూడ్డం అదే మొదటిసారి. అత్తయ్యగారు కుర్చీ వేసి, రిమోట్ చేతికిచ్చి, "మీరు పెట్టిందే వదినగారూ, మీ సీరియల్ పెట్టుకోండి" అన్నారు. అమ్మ కదలకుండా చూసింది. మధ్యలో ఒక్కసారి నా వైపు తిరిగి, "ఒరే, ఈ సీరియల్లో కోడలి చీర ఎరుపురా" అంది. బయల్దేరేటప్పుడు అత్తయ్యగారు గుమ్మం దాకా వచ్చి, "ఎప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు వచ్చెయ్యండి వదినగారూ, మొహమాటపడకండి" అన్నారు.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. నేను గొంతు సవరించుకున్నాను. "అమ్మా, దసరాకి ఇంకా తగ్గుతుంది. అప్పుడు తప్పకుండా కొనేద్దాం."

"నాకేం తొందర లేదురా" అంది.

ఏడాదిన్నరగా ఆ మాట కోసం చూస్తున్నాను. తీరా అన్నాక అది నా లెక్కలో ఎక్కడా కుదర్లేదు. ఇంతలో కండక్టరు వచ్చాడు. మూడు టిక్కెట్లు తీసుకుంటూ, ఊరికే తెలుసుకుందామని, రానూపోనూ కలిపి తీసుకుంటే ఏమన్నా తగ్గుతుందా అని అడిగాను.

"అలా తగ్గదండి. నెల పాసులున్నాయి. కానీ నెలకి ఇరవై రోజులైనా తిరిగితేనే గిట్టుబాటు" అన్నాడు.

"ఇరవై రోజులెవరు తిరుగుతారులెండి" అన్నాను.

"సీరియల్ వారానికి ఐదు రోజులొస్తుందిరా" అంది అమ్మ, కిటికీలోంచి మొహం తిప్పకుండా.

అమ్మకీ నాన్నకీ రెండు పాసులకి ఫొటోలెన్ని కావాలో కండక్టర్ని అడిగి తెలుసుకున్నాను.