పొడుపు విప్పలేక ఇచ్చిన ఊరు

మా ముత్తాత మైసూరు రాజులు ఇనాముగా ఇచ్చిన మూడు ఊళ్లకు జోడీదారు. మా తాత ఎదుట తాలూకాను ఏలే అమల్దారు కూడా చెప్పనిదే కూర్చునేవాడు కాదు. ఇనాముల రద్దు చట్టం వచ్చి ఊళ్లు పోయాక కూడా సాయంత్రాలు మా సావిడిలో పొడుపు కథలు సాగేవి. విప్పలేనివాడు ‘ఓడిపోయాను’ అనకూడదు. గెలిచినవాడు కోరిన ఊరు నోటిమాటగా ఇచ్చుకోవాలి. గెలిచినవాడు లేచి నిలబడి ‘ఏలుకుంటాను’ అనాలి. మా ఇంటిపేరైన ఊరిని మాత్రం ఆటలోనైనా ఎవరూ కోరేవారు కాదు. అది మర్యాద.

ఇప్పుడు బెంగళూరు పక్కన హెబ్బగోడిలో అద్దెకుంటున్నాను. ఆదివారం పొద్దున ఇంటి ఓనరు అద్దెవాళ్లను మేడ మీదికి పిలిచి, ఫోనులో వచ్చిన బ్రెయిన్ టీజర్లు చదువుతాడు. వాళ్లు ఫోనులోనే జవాబు వెతికి, తామే విప్పినట్టు చప్పట్లు కొట్టుకుంటారు. హోటలు సాంబారును ఇంటి గిన్నెలోకి వంచి, వండానని చెప్పుకునే రకం. పొడుపంటే ఏమిటో తెలియాలని ఒకసారి మా ఇంటి పద్ధతి చెప్పాను. మరుసటి ఆదివారం ఓనరు నా వైపే తిరిగాడు.

“ఏం జోడీదారప్పా, ఈ పొద్దు నీకే. ఫోన్లు లోపల పెట్టండప్పా అందరూ. లోటాలో పట్టేదీ అదే, నూరు మంది పట్టేదీ అదే. ఒకటే మాట. ఏంది?”

ఆలోచించి, “నీడ” అన్నాను.

“లోటాలో నీడ పోసుకుని తాగుతారా సార్?” అంది కింది వాటాలో ఉండే నర్సు. అందరూ నవ్వారు.

“హాలప్పా, హాలు! కన్నడంలో పాలు, నూరు మంది కూర్చునే హాలు!”

దీనికి వీళ్లు పొడుపు అని పేరు పెట్టుకున్నారు. ఇన్ని తరాలు కన్నడం మధ్య బతికినా మేము పాలను పాలే అన్నాం. సావిడిని హాలు అన్న నోరు మా ఇంట్లో లేదు. అలాంటి జవాబు తట్టకుండానే నన్ను పెంచారు.

“ఊరియ్యాల,” అన్నాడు ఓనరు.

“కోరుకో.”

“నీ ఇంటిపేరుండాది చూడు, ఆ ఊరే కావాల. ఇచ్చేకి మనసు రాలేదా?”

పద్ధతి చెప్పిన నోటితోనే కాదనడం మాకు చేతకాదు. లేచి నిలబడి ఇచ్చాను.

“ఆడ సైటు రేటు ఎంతుండాది?” అన్నాడు, కుర్చీలోంచి కదలకుండా.

ఏలుకుంటాననడం కూడా రానివాడికి ఊరు చేరింది. సావిడి అంతకు ముందే పోయింది. దాని టేకు స్తంభాలను, బొమ్మసంద్రలో పార్టీ హాలు కడుతున్న ఒకతనికి అమ్మేశాం.