డ్రైవరు పొట్ట తగ్గిన కథ

డ్రైవరు పొట్ట స్టీరింగుకు తగలడం మొదలై చాలా కాలమైంది. మొదట్లో సీటు వెనక్కి జరుపుకుంటూ వచ్చాడు. జరపడానికి ఇక చోటు లేనప్పుడు ఊపిరి బిగబట్టి మలుపు తిప్పడం అలవాటు చేసుకున్నాడు. మార్కెట్టు నుంచి రేవు దాకా వెళ్ళే ఆ సిటీ బస్సులో రోజూ ఎక్కేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. పెద్ద మలుపు వచ్చిందంటే ముందు సీట్లవాళ్ళు కూడా తమకు తెలియకుండానే పొట్ట లోపలికి పీల్చుకునేవారు.

ఆ ఏడు వైద్య పరీక్షలో డిపో డాక్టరమ్మ రక్తపోటు చూసింది, బరువు చూసింది, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. అరిచి ఉంటే అతనికి ఇంత భయం వేసేది కాదు. ఆవిడ చాలా నెమ్మదిగా, "మూణ్ణెల్లు గడువిస్తాను. కూరగాయలు తినండి. తగ్గకపోతే బస్సు దింపి పాసులిచ్చే కౌంటర్లో కూర్చోబెడతాను" అంది. రక్తపోటు మాటకు చలించని మనిషికి కౌంటరు మాట వినేసరికి చెమటలు పట్టాయి.

కూరగాయల్లో అతనికి తెలిసింది బంగాళాదుంప ఒక్కటే. అది కూడా కరకరలాడేట్టు వేగితేనే. మిగతావన్నీ చిన్నప్పటి నుంచీ పళ్ళెం అంచుకు తోసేసినవే.

ఇంట్లో ఉండేది అతనూ అక్కయ్యా. అక్కయ్య పరుపులు కుట్టేది. ముందుగదంతా దూది బస్తాలే. ఆవిడ జడలోనూ, టీ కప్పులోనూ, అతని యూనిఫాం భుజాల మీదా ఎప్పుడూ ఇంత దూది ఉండేది. ఇద్దరికీ పెళ్ళి కాలేదు. అతనికి వచ్చిన సంబంధాలకు ఆవిడా, ఆవిడకు వచ్చిన సంబంధాలకు అతనూ వంకలు పెట్టుకుంటూ ఇద్దరూ యాభైకి అటూ ఇటూ వచ్చేశారు. ఆ సంగతి గురించి ఇద్దరికీ చింత ఉన్నట్టు కనిపించేది కాదు.

డాక్టరమ్మ మాటను అక్కయ్య చట్టంలా అమలు చేసింది. క్యారెట్లు, బీన్సు, గుమ్మడి, క్యాబేజీ అన్నీ ఒకే గిన్నెలో పోసి, రంగులు పోయేదాకా ఉడకబెట్టి, పళ్ళెం నిండా పెట్టేది. నోట్లో పెట్టుకున్నాక కూడా ఏది ఏదో తేలేది కాదు. కళ్ళు మూసుకుని మింగమనేది. అతను మింగేవాడు. వారం తిరక్కుండానే రేవు స్టాపులో దొంగచాటుగా వేయించిన బంగాళాదుంపలు తిని, చొక్కా మీద రాలిన తునకల వల్ల పట్టుబడిపోయాడు. అక్కయ్య ఆ తునకలు దులిపేసింది. మర్నాటి నుంచి గిన్నె సైజు పెంచింది.

ఆ రోజుల్లోనే ఓడ మాస్టారు అతని కంటపడ్డాడు. కంటపడటమంటే, ఆ పెద్దమనిషి మార్కెట్టు స్టాపులో చాలాకాలంగా ఎక్కుతూనే ఉన్నాడు. రెండు సంచుల నిండా కూరగాయలతో డ్రైవరు వెనక సీట్లోనే కూర్చునేవాడు. సరుకుల ఓడల మీద వంట చేసి రిటైరైన మనిషి, అందుకే బస్సులో అందరికీ ఓడ మాస్టారు. ఓడ వంటింట్లో పెద్ద వంటవాడు ఒక ఇటలీ ఆయన కావడంతో, సగం జీవితం ఆయన దగ్గరే నేర్చుకుంటూ గడిచింది. బస్సు రేవులో ఆగినప్పుడు డ్రైవరు వెనక్కి తిరిగి, ఇవన్నీ ఎవరు తింటారని అడిగాడు. నేనేనన్నాడు ఆయన.

"ఎవరైనా బలవంతం చేస్తారా?" అన్నాడు డ్రైవరు జాలిగా.

ఆయన సీట్లోంచి జారిపోయేంత నవ్వాడు. విషయమంతా విన్నాక మాత్రం నవ్వలేదు. మర్నాడు ఒక డబ్బా తెచ్చి ఇచ్చాడు. లోపల పండు టొమాటోలు, దోసకాయ, సన్నగా తరిగిన ఉల్లిపాయ, వాటి మధ్య నిన్నటి బ్రెడ్డు ముక్కలు. టొమాటోలకు ముందే ఉప్పు పట్టించి ఉంచడంతో ఊరిన రసమూ, ఆలివ్ నూనే, కాస్త వెనిగరూ కలిసి ఆ ఎండు బ్రెడ్డులోకి ఇంకిపోయాయి. డ్రైవరు మర్యాద కోసం ఒక్క ముక్క తిన్నాడు. ఆ తర్వాత ఏం జరిగిందో అతనికే సరిగా గుర్తులేదు, కండక్టరు విజిలు వేసేసరికి డబ్బా అడుగున రసం బొటనవేలితో తీసి నాకుతున్నాడు.

ఇలాంటివి నేర్పమని బతిమాలాడు. ఓడ మాస్టారు ఉండే గదిలో స్టవ్వు పెడితే రెండో మనిషికి చోటుండదు కాబట్టి, ఆదివారాలు డ్రైవరు ఇంటికే వచ్చేట్టు మాటయింది. ఇది విని అక్కయ్య ఒంటికాలి మీద లేచింది. ఇన్నేళ్ళు వండిపెట్టిన చెయ్యి ఇప్పుడు చేదైందా అంది, ముక్కూ మొహం తెలియని మనిషి తన వంటింట్లో గరిటె తిప్పడమేమిటంది. ఆదివారం ఆయన వచ్చేసరికి ముందుగదిలో వంటింటి గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని పరుపు కుడుతోంది. తలుపు మాత్రం వేసుకోలేదు.

మొదటి పాఠం వంకాయ. పెద్ద వంకాయల్ని వేలు మందాన చక్రాల్లా కోసి, ఉప్పు చల్లి పక్కన పెట్టాడు మాస్టారు. కాసేపటికి వాటి మీద గోధుమరంగు నీళ్ళు చెమటలా పట్టాయి. ఆ నీళ్ళు తుడిచేస్తే వంకాయ నూనె తక్కువ తాగుతుందని డ్రైవరుకు చెబుతున్నాడు.

ముందుగదిలోంచి, ఎవరితోనూ కానట్టు, "వంకాయకి స్నానం చేయించడం ఇప్పుడే చూస్తున్నా" అన్న మాట వినిపించింది.

"కాస్త ఓపిక పట్టండి, పౌడరు కూడా రాస్తాం" అన్నాడు మాస్టారు అంతే నెమ్మదిగా. సూది చప్పుడు ఆగింది.

ఆ చక్రాల్ని పెనం మీద కాసింత నూనెతో రెండు వైపులా కాల్చారు. వెల్లుల్లి వేసి దగ్గరగా మగ్గించిన టొమాటో గుజ్జు ఒక వరుస, వంకాయ ఒక వరుస పేర్చి, మీద చీజ్ తురుమి, మూతపెట్టి సన్నసెగ మీద ఉంచారు. వాసన ఇల్లంతా తిరిగింది. అక్కయ్య మంచినీళ్ళ కోసమని వంటింట్లోకి వచ్చింది. ఉప్పు చూద్దామని ఒక ముక్క తీసుకుంది. వెల్లుల్లి ఎక్కువైందంది. నిజంగా ఎక్కువైందో లేదో తేల్చుకోవడానికి ఇంకో ముక్క తీసుకుంది. మూడో ముక్కకి కారణం చెప్పలేదు.

అక్కడి నుంచి ఆదివారాలు జోరందుకున్నాయి. ఎర్ర కాప్సికమ్‌లను మంట మీద నల్లగా మాడ్చితే అక్కయ్య గుండెలు బాదుకుంది. గిన్నెలో వేసి మూతపెట్టి, చల్లారాక ఆ మాడు తొక్క వేళ్ళతో ఊడివచ్చి లోపల మెత్తటి తియ్యటి కండ బయటపడితే, ఆవిడే కూర్చుని మిగతావన్నీ ఒలిచింది. బీన్సును పచ్చదనం పోకముందే నీళ్ళలోంచి తీసి నిమ్మరసం పిండటం చూసి, తన పాత గిన్నె సంగతి తలుచుకుని ఆవిడకే నవ్వొచ్చింది. సలాడు ఆకులకు ముందు ఉప్పు వేయాలా, ముందు నూనె వేయాలా అని ఓడ మాస్టారూ ఆవిడా పంతానికి పోయారు. చెరో గిన్నె కలిపి డ్రైవరు ముందు పెట్టారు. ఎటు చెప్పినా ముప్పే కాబట్టి అతను రెండూ ఖాళీ చేసి, ఏది ఎలా ఉందో మర్చిపోయానన్నాడు.

ఈ గొడవల మధ్య బస్సులో అతని సీటు ఒక్కో మెట్టే ముందుకు జరిగింది. గడువు తీరాక డాక్టరమ్మ బరువు చూసి, మళ్ళీ ఒకసారి చూసి, సంతకం పెట్టింది. డ్రైవరు ఆ సంతోషంలో ఓడ మాస్టారుకు ఒక మంచి చొక్కా కొనిచ్చాడు. తనకు వంట వచ్చేసిందని, ఇక ఆదివారాలు ఆయన్ని శ్రమపెట్టనని చెప్పాడు. ఆయన చొక్కా తీసుకుని, ఏదో అనబోయి, మంచిదన్నాడు.

ఆ ఆదివారం డ్రైవరు ఒక్కడే వండాడు. బాగానే కుదిరింది. అక్కయ్య సగం తిని వదిలేసింది. కుడుతున్న పరుపు ఒక మూల వంకరపోయిందని మళ్ళీ విప్పింది. ఒంట్లో బాగాలేదా అంటే, నాకేం అంది.

రెండు రోజులకు ఆవిడ ఇస్త్రీ బట్టలు కట్టుకుని అతని బస్సే ఎక్కింది. పరుపుల గుడ్డ కొనాలంది. గుడ్డల దుకాణం అటువైపు కాదు. మార్కెట్టు స్టాపులో ఓడ మాస్టారు సంచులతో ఎక్కి, కొత్త చొక్కాలో, ఆవిడ పక్కన కూర్చున్నాడు. అద్దంలో ఇద్దరూ కనిపిస్తున్నారు. మాటలు వినపడటం లేదు. ఆయన సంచిలోంచి ఒక వంకాయ తీసి చూపిస్తే ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. వెనక బస్సువాడు గట్టిగా హారన్ కొట్టాడు, సిగ్నల్ పచ్చగా మారి చాలాసేపయిందట. డ్రైవరుకు అప్పుడు వెలిగింది.

సాయంత్రం అక్కయ్యే మాటెత్తింది. నీళ్ళు నమలడం ఆవిడకు తెలీదు. "ఆయన అడిగారు. నేను సరేనన్నాను. నువ్వేమంటావు?"

డ్రైవరు నోట్లోంచి ఆలోచించకుండా వచ్చిన మాట, "మరి నాకు వండేదెవరు?"

"మూణ్ణెల్లు నేర్చుకున్నది ఎవర్రా?" అంది అక్కయ్య.

అతను లేచి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. అలవాటు కొద్దీ వంకలు వెతికాడు. వయసా, అక్కయ్య కంటే నాలుగైదేళ్ళే ఎక్కువ. ఇల్లు లేదా, అక్కయ్యకు పని ఉంది, ఆయనకు పెన్షనుంది. ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. ఇదివరకటి సంబంధాల్లో దొరికినవి కూడా నిజంగా వంకలేనా అన్న అనుమానం మొదటిసారి కలిగి, కాస్త సిగ్గేసింది. లోపలికి వచ్చి, మాస్టారుని ఇక్కడికే వచ్చి ఉండమన్నాడు. అక్కయ్య ఒప్పుకోలేదు. రెండు వీధుల అవతల వాటా చూసుకున్నామని, ఒక వంటింట్లో కొట్లాడుకోవడానికి తామిద్దరే ఎక్కువని చెప్పింది. దూది బస్తాలు మోయడానికి మాత్రం అతను రావాలంది.

పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలతో అయిపోయింది. భోజనం డ్రైవరు చేశాడు. పొద్దున్నే మొదలుపెట్టి వంకాయ వరుసలూ, కాల్చిన కాప్సికమ్‌లూ, బ్రెడ్డు సలాడూ పెద్ద పెద్ద పళ్ళాల్లో పెట్టాడు. డిపో నుంచి వచ్చినవాళ్ళు ముందు అనుమానంగా చూసి, తర్వాత వరుసలో రెండోసారి నిలబడ్డారు. అతనికి ఆ రోజు తల ప్రాణం తోకకొచ్చింది వంటతో కాదు, పిలుపుతో. వడ్డిస్తూ "మాస్టారూ" అని మొదలుపెట్టి, అక్కయ్య చూపు తగిలి, "మాస్టా... బావగారూ" అని ముగించాడు. డిపోలో కొన్నాళ్ళు ఆయన్ని అందరూ మాస్టాబావగారనే పిలిచారు.

మొదటి నెల ఇల్లు ఖాళీగా అనిపించింది. ముందుగదిలో దూది లేకపోతే కాళ్ళకు నేల చల్లగా తగిలేది. అందుకే సెలవు రోజుల్లో వాళ్ళిద్దర్నీ పిలవడం మొదలుపెట్టాడు. ఒకసారి తెల్ల బఠాణీలు నానబెట్టి, క్యారెట్టు, క్యాబేజీ, టొమాటో వేసి, ఏ ముక్కా రూపం చెడకుండా చిక్కటి సూపు కాచాడు. అది ఎవరూ నేర్పలేదు, తనే చూసుకుని చేశాడు. గిన్నెల్లో పోసి, మీద చుక్క ఆలివ్ నూనె వేసి, ఎలా ఉందని అడిగాడు. బావగారు గిన్నెలోంచి తలెత్తలేదు. అక్కయ్య ఎడంచేత్తో బ్రెడ్డు ఇటు తొయ్యమని సైగ చేసింది.