తూటాలు మిగిలాయని తుపాకి కొనడం

మా ముత్తాతగారు కొండల అంచున పన్నెండు ఊళ్ళకు ఎస్టేటుదారు. ఆయన గుర్రం వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. ఆయన కుమారుడు, అంటే మా తాతగారు, ఆ ఎస్టేటును పరువుగా నడిపారు. బడి కట్టించారు. దూరపు ఊళ్ళ నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు మా సావడిలో చోటిచ్చి రెండు పూటలా భోజనం పెట్టారు. నా చిన్నతనానికి ఎస్టేట్లు రద్దయ్యాయి. ఊళ్ళు పోయాయి, పద్ధతి మాత్రం ఉండిపోయింది. మా ఇళ్ళలో పసిపిల్లల్ని కూడా ‘మీరు’ అనే పిలుస్తారు. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. చదువుకునే పిల్ల గదిని ఇరుకు చేసి తుపాకి కొనుక్కునే ఇంట్లో నేను పుట్టలేదని చెప్పడానికి చెబుతున్నాను.

నేనిప్పుడు ఈ పరాయి దేశంలో, ఏజాక్స్ అనే ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. అల్లుడుగారు మార్కమ్‌లో కంప్యూటర్ కంపెనీలో పని చేస్తారు. తాగుడు లేదు, జూదం లేదు. ఉన్న సరదా ఒకటే, ఆదివారాలు షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి అట్టబొమ్మను గురిచూసి కాల్చడం. అందుకు లైసెన్సూ, ఒక పిస్తోలూ ఉండేవి. ఇంకా మంచిది కొందామని ఉన్నదాన్ని అమ్మేశారు. ఆ మధ్యలోనే ఇక్కడి ప్రభుత్వం పిస్తోళ్ళు కొనడం, చేతులు మారడం ఆపేసింది. పిస్తోలు లేదు. చవగ్గా వస్తున్నాయని దాని కోసం పెట్టెలకు పెట్టెలు కొన్న తూటాలు మాత్రం తాళం వేసిన ఇనుప బీరువా నిండా మిగిలిపోయాయి.

ఆ బీరువా చూసినప్పుడల్లా ఆయనకు ఏదో ఘోరమైన నష్టం జరిగిపోతున్నట్టు ఉండేది. అప్పుడు ఒక స్నేహితుడు కార్బైన్ కొనమని సలహా ఇచ్చాడు. అది పిస్తోలు తూటానే పేల్చే పొడుగు తుపాకి. భుజానికి ఆనించి కాలుస్తారు. దాన్ని కొనడానికి ఇంకా అనుమతి ఉంది. మొన్న వేసవిలో ఒక శనివారం ఇద్దరూ డైనింగ్ టేబుల్ దగ్గర ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని కూర్చున్నారు. నేను పక్కన పేపరు చదువుకుంటున్నాను.

“అన్నా, ఇది చూడు. మధ్యలోకి ఫోల్డ్ అవుతుంది. బ్యాక్‌ప్యాక్‌లో పట్టేస్తుంది,” అన్నాడు స్నేహితుడు.

“బ్యాక్‌ప్యాక్‌లో పెట్టుకుని ఎక్కడికి పోతాను? రేంజ్‌కే కదా. నీ దగ్గరున్న మోడలే బెటర్. నా పాత పిస్టల్ మ్యాగజైన్లు దానికి సెట్ అవుతాయి. అవి ఇంకా ఇంట్లోనే ఉన్నాయి,” అన్నారు అల్లుడుగారు.

“బరువెక్కువ మరి. నా భుజం చూడు, ఒక పక్కకి వంగిపోయింది.”

“అది గన్ వల్ల కాదు, నువ్వు మోసే లంచ్ బాక్స్ వల్ల.”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తూటాలు అదే రకం తుపాకి ఉన్న ఈ స్నేహితుడికే ఇచ్చేయకూడదా అని నేను అడిగాను. అల్లుడుగారు నా వంక జాలిగా చూశారు.

“అంత స్టాక్ ఊరికే ఇచ్చేస్తామా మావయ్యగారూ? గన్ ఉంటే మొత్తం యూజ్ అయిపోతుంది. లేకపోతే వేస్టే కదా.”

మరి తుపాకి కొనడానికి డబ్బు ఎక్కడి నుంచి తెస్తారని మా అమ్మాయి వంటింట్లోంచి అడిగింది. దానికీ ఆయన దగ్గర జవాబుంది. మా ఇంటి బేస్‌మెంట్‌లో ఒషావా కాలేజీలో చదివే నల్గొండ అమ్మాయి అద్దెకుంటోంది. ఉన్నది ఒక్క గది, దానికి ఒక్క కిటికీ. సెప్టెంబర్ ఇన్‌టేక్‌కి పిల్లలు విమానాల నిండా దిగుతున్నారనీ, రూముల కోసం ఎంత డిమాండ్ ఉందో చెప్పలేమనీ, అదే గదిలో ఇంకో ఇద్దరు అమ్మాయిలను పెడితే కార్బైన్ దానంతటదే వచ్చేస్తుందనీ ఆయన చెప్పారు. ఒప్పుకోకపోతే ఆ పిల్లను వేరే చూసుకోమందాం అన్నారు. ఉప్పు అందుకోమన్నంత మామూలుగా అన్నారు ఆ మాట.

సాయంత్రం ఆ అమ్మాయి బట్టలు ఉతుక్కోవడానికి పైకి వచ్చింది. కాలేజీ నుంచి కాఫీ షాపుకీ, అక్కడి నుంచి ఇంటికీ బస్సులు మారి వచ్చే పిల్ల. కళ్ళ కింద నలుపు. అప్పటికే ఆమెకు కబురు అందింది.

“పర్లే తాతయ్యా, అడ్జస్ట్ అయిత,” అంది. “గనీ ఎగ్జామ్స్ నెలాఖరు దాంక ఉన్నయ్. అప్పటిదాంక ఆగుమని సార్‌కి చెప్తరా? ముగ్గురం ఉంటే లైట్ ఏసుకోనికి కూడా కష్టమే. బయట చూస్కుందామంటే ఒషావాల ఇప్పుడు రూమ్ ఏడ దొర్కుతది?”

నాకు ఒళ్ళు మండింది. ఈ చుట్టుపక్కల ఏ బేస్‌మెంట్ తలుపు తీసినా గోడ నుంచి గోడ దాకా పరుపులే. పిల్లలను లెక్కపెట్టకుండా పరుపులను లెక్కపెట్టుకునే మనవాళ్ళను చాలామందిని చూశాను. అదే మా ఇంట్లోకి వచ్చింది. అదీ ఆకలి తీరక కాదు, అప్పు తీరక కాదు. బీరువాలో తూటాలు మిగిలాయని. సరిగ్గా ఇదే మాట అరవై ఏళ్ళ పైచిలుకు కిందట నేను ఒకసారి విన్నాను.

మా తాతగారికి ఒక రివాల్వర్ ఉండేది. ఎస్టేటు పోయిన తర్వాత జిల్లా అధికారి దాని లైసెన్సు పొడిగించలేదు. ఊళ్ళే మీవి కానప్పుడు కాపాడుకోవడానికి ఏముందని అర్థం వచ్చేలా మాట్లాడాడట ఆ అధికారి.  తాతగారు రివాల్వర్‌ను మెత్తటి గుడ్డతో తుడిచి అప్పగించి వచ్చారు. పంట మీద పడే అడవి పందుల కోసం పొడుగు తుపాకులకు మాత్రం అనుమతి ఉంచారు. జోడుగొట్టాల తుపాకి ఒకటి మాకు ఉండనే ఉంది. మిగిలిపోయినవి రివాల్వర్ తూటాలు. వాటిని పేల్చే తుపాకి ఏదైనా కొంటే ఉంచుకోవచ్చు, లేకపోతే గడువులోగా వాటినీ అప్పగించాలి.

మా బాబాయిగారికి ఇది భరించరాని సంగతి అయింది. ఊళ్ళు తీసుకున్నారు, రివాల్వర్ తీసుకున్నారు, తూటాలు కూడా మన చేతులతో ఇచ్చేస్తే నలుగురిలో తల ఎలా ఎత్తుకుంటామని ఇల్లంతా తిరిగారు. పట్నంలో తుపాకుల వర్తకుడికి కబురు చేశారు. రివాల్వర్ తూటాలనే పేల్చే కార్బైన్ ఒకటి ఉందనీ, కింద మీట లాగితే తూటా దానంతటదే గొట్టంలోకి ఎక్కుతుందనీ, మీలాంటి వంశాలవారికే తగినదనీ వర్తకుడు జవాబు పంపాడు. ఆ చివరి మాట దగ్గర బాబాయిగారు కరిగిపోయారు.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. ఆయుధం గడప దాటి లోపలికి వచ్చి, దానికి బొట్టు పెట్టిన తర్వాత తిప్పి పంపడం మా ఇళ్ళలో లేదు. ఇంటికి వచ్చిన కోడలిని తిప్పి పంపినంత తప్పు. ఈ సంగతి వర్తకుడికి తెలుసు. బాబాయిగారికి మరీ బాగా తెలుసు. వర్తకుడు కార్బైన్ తెచ్చే రోజు పొద్దున్నే ఆయన పళ్ళెంలో పసుపు కుంకుమ సిద్ధం చేయించి గడప దగ్గర పెట్టించారు. ఆయన కంటే ముందే లేచిన తాతగారు, వర్తకుడి బండి ఊరి బయటికి రాగానే దాన్ని అటునుంచి అటే ఎండిన ఏటి దగ్గరికి మళ్ళించమని మనిషిని పంపారు. పరీక్షించకుండా ఏ తుపాకీ నా ఇంట్లోకి రాదు అన్నారు. 

నన్ను చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళి తన వెనక కూర్చోబెట్టి, చెవుల్లో దూది పెట్టారు. ఏటి గట్టుకు ఆనించి పాత కుండలు వరసగా పెట్టారు. కార్బైన్ నిజంగా అందంగా ఉంది. వర్తకుడు మీట లాగి చూపించి, ఎన్నిసార్లయినా పేల్చి చూడమన్నాడు. తాతగారు మొదట కాల్చారు. ఆ తర్వాత బాబాయిగారు కాల్చారు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు.

అక్కడితో ఆగుతుందనుకున్నాం. తాతగారు ఆగలేదు. దివాణంలో పని మానేసిన పాత గుమస్తాను పిలిచి కాల్చమన్నారు. బండివాడి చేతికిచ్చారు. వర్తకుడి చేత కాల్పించారు. మా ఆడవాళ్ళు ఘోషా పాటించేవారు, పరాయి మగవాళ్ళ కంట పడేవారు కాదు. ఆ రోజు మా నాయనమ్మగారి కోసం తెరలు కట్టిన బండిని కూడా ఏటి దాకా తోలించారు. గొట్టం మాత్రమే బయటికి కనిపించేలా తెర సందులో పెట్టి ఆవిడకు అందించారు.

“ఆ చివరిది నా ఆవకాయ జాడీలా ఉందేమిటండీ?” అంది తెర వెనక గొంతు. “దాన్ని ఎవరు తెచ్చారు?”

“బీట వారిందండి. పనికిరాదనే తెచ్చారు,” అన్నారు తాతగారు.

“బీట లేదు ఏమీ లేదు. మీరు పక్క కుండ చూపించండి.” ఆవిడ పక్క కుండను పగలగొట్టింది.

ఎండ వాలేసరికి బాబాయిగారికి సంగతి తెలిసివచ్చింది. దగ్గరికి వచ్చి, తగ్గు గొంతుతో, “కొన్ని ఉంచండి నాన్నగారూ,” అన్నారు.

“దేనికండీ? ఇవి ఖర్చు కావాలనే కదా తుపాకి కొంటామన్నారు,” అని తాతగారు మీట లాగారు.

చివరి తూటా కూడా అయిపోయాక ఆయన కార్బైన్‌ను రెండు చేతుల మీదా పెట్టి వర్తకుడికి ఇచ్చారు. చాలా బాగా పేలిందనీ, ఇక దీన్ని తాను చేసుకునేదేమీ లేదనీ చెప్పారు. వర్తకుడి ముఖం పాలిపోయింది. గడప దాటని ఆయుధం గురించి అతను ఏం అనగలడు? తాతగారు అతనికి పట్టుపంచె పెట్టి, ఖాళీ ఇత్తడి తొడుగులన్నీ అతని బండిలోకే ఎత్తించి, భోజనం చేయించి పంపారు. బాబాయిగారు మాత్రం కొన్నాళ్ళు పంక్తిలో కూర్చోలేదు. పట్నం వర్తకుడి ముందు పరువు పోయిందని ఆయన బాధ. నాకు ఇప్పటికీ ఆయన మీద కోపమే. పరువంటే ఏమిటో కన్నతండ్రి ఎదుట నిలబడి చూపిస్తుంటే, ఆయన వర్తకుడి ముఖం చూశారు.

ఇంటికి నడుస్తూ తాతగారు నా చెవుల్లో దూది తీసి, “చూశారా బాబూ, తూటాలు తుపాకిని అడగలేదు. అడిగింది మీ బాబాయిగారు,” అన్నారు. 

ఇదంతా నేను ఆ శనివారం రాత్రి భోజనాల దగ్గర అల్లుడుగారికీ, అక్కడే ఉన్న ఆయన స్నేహితుడికీ చెప్పాను. కోపంగానే చెప్పాను. మా సావడిలో చదువుకున్న పిల్లల దగ్గర డబ్బు తీసుకుని మా ఇల్లు ఒక రోజు కూడా ఏమీ కొనుక్కోలేదనీ, కింద గదిలోకి ఇంకో పరుపు వస్తే నేను ఈ ఇంట్లో అన్నం ముట్టననీ అన్నాను. మా అమ్మాయి నాన్నగారూ అని వారించబోయింది. స్నేహితుడే ముందుగా తేరుకున్నాడు.

“అన్నా, అంకుల్ చెప్పింది కరెక్టే. నా గన్ ఉంది, నీ స్టాక్ ఉంది. సండే నా పక్కనే నిలబడి కాల్చేయ్. నువ్వు కొనేదాకా ఎందుకు?”

“నీ గన్ బరువన్నావ్ కదా.”

“నీ భుజం వంగితే నాకేంటి?”

అల్లుడుగారు నవ్వలేదు. కానీ ఆదివారం వెళ్ళారు, ఆ పై ఆదివారమూ వెళ్ళారు. రెండోసారి నన్నూ తీసుకువెళ్ళారు. చెవులకు పెద్ద మూతలు పెట్టి వెనక బెంచీ మీద కూర్చోబెట్టారు. బాగా కాలుస్తారు ఆయన, మా బాబాయిగారి కంటే నయం. మధ్యాహ్నానికి, బీరువాలోంచి ఊడ్చి తెచ్చిన పెట్టెలన్నీ ఖాళీ అయ్యాయి.  కారు హైవే ఎక్కిన తర్వాత, ఇంక గన్ ఎందుకులెండి మావయ్యగారూ, అన్నారు. ఇంటికి రాగానే తనే మెట్లు దిగి వెళ్ళి ఆ అమ్మాయికి, రూమ్ నీకొక్కదానికేనమ్మా, ఎగ్జామ్స్ చూసుకో అని చెప్పి వచ్చారు. వంశం గురించి అంత మాట్లాడే నేను ఒప్పుకోక తప్పదు. బడిపంతులుగారి అబ్బాయి అయిన ఈయన, మా రక్తం పంచుకున్న మనిషి నేర్చుకోలేనిది నేర్చుకున్నారు.

కొట్లో అయినా, ఇంట్లో అయినా, ఏదో వృథా అయిపోతుంది కాబట్టి ఇంకోటి కొనాలని ఎవరైనా అన్నప్పుడు, నిజంగా అడుగుతున్నది ఎవరని నేను ఇప్పటికీ చూస్తాను. అలవాటైపోయింది. దాని వల్ల నన్ను చాదస్తుడని అంటారు. అననీ.

ఆ రెండో ఆదివారం రాత్రి అన్నం తింటూ అల్లుడుగారు మా బాబాయిగారు తర్వాత ఏం చేశారని అడిగారు. ఉన్నది చెప్పాను. తాతగారు పోయిన ఏడాదే బాబాయిగారు అదే వర్తకుడి దగ్గర ఆ కార్బైన్‌నే కొన్నారు. అప్పటికి ఇంట్లో దానికి పనికివచ్చే తూటా ఒక్కటి కూడా లేదు. డబ్బు కోసం కొండ కింది జీడితోట అమ్మారు.