దిలీ ప్రయాణానికి ముందు అమ్మ అడిగిన ప్రశ్న

తూర్పు తిమోర్ వెళ్ళేవాళ్ళు తెలుసుకోవలసిన సంగతులని ఫోనులో ఏది కనిపిస్తే అది నోటుబుక్కులో ఎక్కించాను. కుళాయి నీళ్ళు తాగకూడదు. డెంగీ దోమలుంటాయి. చెల్లేది అమెరికా డాలరు. వానలకి కొండదారులు తెగిపోతాయి. సముద్రపు ఒడ్డున మొసళ్ళు తిరుగుతాయి, అక్కడివాళ్ళు వాటిని తాతగారూ అని మర్యాదగా పిలుస్తారట. మొసలి తాతేమిటి, నా మొహం! చదివినకొద్దీ గుండె దడ పెరిగిందే గాని తగ్గలేదు. స్వతంత్రం వచ్చి పాతికేళ్ళు కూడా నిండని ఆ దేశంలో, దిలీ నగరంలో, నా కూతురికి తొలికాన్పు.

పిల్ల అక్కడ బడిలో ఇంగ్లీషు చెబుతుంది. అక్కడి అబ్బాయినే చేసుకుంది. ఏడో నెలలో ఇక్కడికి, మా ఊరు క్లాంగ్‌కి తీసుకొచ్చేద్దామనుకున్నాం. బీపీ ఎక్కువగా ఉంది, విమానం ఎక్కొద్దని డాక్టరు చెప్పేసింది. ఇక నేనే వెళ్ళాలి.

నిజానికి వెళ్ళాల్సింది మా అమ్మ. పసిబిడ్డని కాళ్ళమీద వేసుకుని నీళ్ళు పోయడం, బాలింతకి శొంఠి, మిరియాలు, బెల్లంతో కాయం నూరిపెట్టడం ఆవిడకి వచ్చు. నా కాన్పుకి అన్నీ ఆవిడే చేసింది. బిడ్డకి మూడో నెల వచ్చేసరికి నేను ఫ్యాక్టరీ షిఫ్టులో ఉన్నాను. నాకేం వచ్చు, నా బొంద!

కానీ అమ్మకి పాస్‌పోర్టు లేదు. కువాలా సెలంగోర్ దగ్గర రబ్బరుతోటలో పుట్టి, ఈ దేశం పొలిమేర ఎన్నడూ దాటని మనిషికి ఇప్పటికీ ఎర్రకార్డే. ఉండనిస్తారు, పౌరురాలు మాత్రం కాదు. ఈ దేశానికి, అప్పటి మలయాకి, స్వతంత్రం వచ్చినప్పుడు తోటలో ఇంటింటికీ ఫారాలు ఇచ్చారట. సముద్రం దాటి కూలికొచ్చిన మా తాత మా ఇంటి ఫారాన్ని ట్రంకుపెట్టెలో పడేసి, "వచ్చే ఏడు ఊరికెళిపోతన్నాం, దీనికి తొందరేటి" అన్నాడట. ఆ వచ్చే ఏడు రానేలేదు. తరవాత అమ్మ పెట్టిన అర్జీలకి ఎప్పుడూ ఏదో ఒక కాగితం తక్కువవుతూనే వచ్చింది.

ప్రయాణం ముందురోజు సాయంత్రం అమ్మ ఒక దిండుకి తువ్వాలు చుట్టి, నా కాళ్ళమీద పెట్టి, నీళ్ళు పోయడం నేర్పింది. నేను దిండుని రెండు చేతులా బిగించి పట్టుకుని చెంబు ముట్టుకోలేదు.

"దిండుకే ఇంత బయపడితే రేపు పిల్లనేటి సేస్తావే?" అంది.

సిగ్గేసింది. మాట మార్చడానికి నోటుబుక్కు తీసి గడగడా చదివాను. నీళ్ళు, దోమలు, మొసళ్ళు. అమ్మ చెయ్యెత్తి ఆపింది. ఈ దేశంలో మా అందరి మాటల్లోలాగే ఆవిడ మాట చివరా ఓ "లా" దొర్లుతుంది.

"నీళ్ళు కాసుకోవచ్చు లా. దోమతెర కట్టుకోవచ్చు. అది కాదు. ఆ దేసంలో పుట్టిన పిల్లకి ఏ కార్డు ఇస్తారు?"

ఇన్ని రాసుకున్నానా, ఆ ఒక్కటీ తట్టనే లేదు. అమ్మ కూతురినై ఉండి కూడా తట్టలేదు. వెంటనే కూతురికి ఫోన్ చేసి స్పీకరు పెట్టాను.

"టెన్షన్ పడకు లా, మా. ఈయన ఇక్కడ పుట్టినవాడే కదా, బిడ్డ ఈ దేశందే. పుట్టాక రిజిస్టర్ చేయించాలి, అంతే. తొందరేం లేదు, మెల్లిగా చేయిద్దాం అన్నాడు."

అమ్మ మొహం మాడిపోయింది. చెప్పులేసుకుని బయటికి నడిచింది. మోకాళ్ళ నొప్పులతో నాలుగు అంతస్తుల మెట్లు! నేను వెనకనుంచి పిలుస్తూనే ఉన్నాను, వింటేగా!

అరగంటకి రొప్పుతూ వచ్చి, ఒక కాగితం నా నోటుబుక్కులో పెట్టింది. కింద ఫొటోస్టాట్ కొట్లో తీయించిన తన కార్డు కాపీ.

"ఇది నీ అల్లుడికి సూపించు. మా అయ్య కూడా తొందరేటి అన్నాడని సెప్పు" అంది. గోడ పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుంది. "కొట్టోడు నలుపుది సాల్దా అన్నాడు. సాలదు, రంగుదే తియ్యి అన్నాను. ఎరుపు కనపడాల."