కొంగు ముడిలో బెల్లం

ఐరాల దగ్గర బెల్లం గానుగలో పొయ్యికి చెరకు పిప్పి ఎగదోసే పని గంగులమ్మది. ఆ గానుగలో చంటిబిడ్డల తల్లులకు ఒక అలవాటుంది. బెల్లం ముక్కను మెత్తని పాత చీర పేలికలో కట్టి బిడ్డ నోట్లో పెడతారు. బిడ్డ చప్పరిస్తూ పడుకుంటుంది, తల్లి పనిలో పడుతుంది. గంగులమ్మ కూతురు ప్రసన్నకుమారి అలాగే పెరిగింది. ఆమె కూతురు రాజశ్రీ కూడా అంతే.

రాజశ్రీకి ఇప్పుడు ఐదేళ్ళు. బడి వదలగానే గానుగకు పరుగెత్తుకొస్తుంది, అవ్వ కొంగు ముడి విప్పుతుంది, అందులోని బెల్లం బుగ్గన పెట్టుకుని ఒళ్ళో కూర్చుంటుంది. పొద్దంతా పొగలో మాడిన గంగులమ్మకు ఆ కాసేపే పండగ. పిల్లకు ఎవరైనా చాక్లెట్ ఇస్తే మాత్రం ఆమెకు పూనకం వచ్చేది. అవి తింటే పళ్ళు పుచ్చిపోతాయని ఊరంతటికీ నీతులు చెప్పేది. చెప్పే నోట్లో ముందు పళ్ళు రెండే మిగిలాయి. మిగతావి వయసు మీద పడి ఊడాయట. నలభై రాకముందే మీద పడిన ఆ వయసేమిటో ఆమెకే తెలియాలి.

ఒకరోజు పిల్ల బుగ్గ బూరెలా వాచింది. ముగ్గురూ చిత్తూరులో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. దవడ పళ్ళు రెండు నల్లగా గుల్లబారి ఉన్నాయి.

"పాప ఏం తింటుందమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

"చాక్లెట్లు ముట్టనియ్యను మేడమ్. బెల్లమే. మా గానుగది, మందు కలపంది" అంది గంగులమ్మ గర్వంగా.

"పంటికి బెల్లమైనా చక్కెరైనా ఒకటేనమ్మా. తీపి బుగ్గన ఉన్నంతసేపూ నోట్లో క్రిములు పులుపు పుట్టిస్తాయి. ఆ పులుపే పంటిని తినేస్తుంది. ఎప్పుడైనా అన్నంతో పాటు కాస్త తిని, నోరు పుక్కిలిస్తే చాలు."

ఒక పన్ను పీకారు, ఒకటి పూడ్చారు. పిల్ల కాళ్ళు పట్టుకున్నది గంగులమ్మే. పిల్ల ఏడుపు వీధి దాకా వినబడింది.

తిరుగు బస్సులో ప్రసన్నకుమారి, "తెలిసి చేసినావా ఏంది, ఊరుకోమ్మా" అంది.

"అది కాదే. బెల్లం లేకుంటే బిడ్డ నా కాడికి ఎందుకొస్తాది?"

మర్నాడు గంగులమ్మ కొంగులో వేయించిన చెనిక్కాయలు ముడేసింది. పిల్ల ముడి విప్పి చూసి, "బెల్లం యాడవ్వా?" అంది. లేదనగానే మూతి ముడుచుకుని ఇంటిదారి పట్టింది. తర్వాత కొన్నాళ్ళు గానుగ ముఖమే చూడలేదు. గంగులమ్మకు పని మీద మనసు నిలవలేదు. ఒక సాయంత్రం తెగించి బెల్లం ముక్క కొంగులో కట్టుకుంది కూడా. మళ్ళీ ఆ ఏడుపు చెవిలో పడ్డట్టయి, విప్పి పాకం కాగే పెనంలోనే పడేసింది. పంటినొప్పికి మందుంది గానీ దీనికేం మందు అని కుమిలిపోయింది.

చెరకు అయిపోవచ్చిన రోజుల్లో రాజశ్రీ వచ్చింది. కొంగు జోలికి పోలేదు. నేరుగా ఒళ్ళోకెక్కి, వేలితో అవ్వ పెదవి కిందికి లాగి చూసింది.

"నీ పండ్లు యాడికి పోయినాయవ్వా?"

వయసు మాట గంగులమ్మ నోట రాలేదు.

"బెల్లం తినేసింది."

"నీకెవురు పెట్టినారు?"

"మాయమ్మ. పేలికలో కట్టి."

పిల్ల ఆలోచనలో పడింది. "ఆమెకు నువ్వంటే ఇష్టం లేదా?"

"శానా ఇష్టం బిడ్డా" అంది గంగులమ్మ.

రాజశ్రీ సరేనన్నట్టు తలాడించి, కొంగు ముడి విప్పి, చెనిక్కాయ ఒకటి వలిచి అవ్వ నోట్లో పెట్టింది. నమలడానికి పళ్ళు లేవని గంగులమ్మ చెప్పలేదు. దాన్ని చాలాసేపు బుగ్గనే ఉంచుకుంది.