జ్వరమని రాసిన చీటీలు

మా అంకులి పేటలో నేను చెప్పిన కథ ఇది: మనవరాలి బడిలో మంటలు లేస్తే, డెబ్బై దాటిన నేను మేడెక్కి, నడవలేని పిల్లను వీపున వేసుకుని మంటల్లోంచి దూకాను!

మంటలు లేవు. వంటగదిలో నూనె మాడి మేడంతా పొగ కమ్మింది. క్యారేజీ ఇవ్వడానికి వెళ్లిన నేను గంట మోగగానే పిల్లలకంటే ముందే బయటికి పరుగెత్తాను. మైదానంలో వంటామె అరిచింది, "సక్రాల కుర్చీ పాప ఏదర్రా?" ఆమే పైకెళ్లి నా మనవరాలిని ఎత్తుకొచ్చింది.

దగ్గుతూనే అది నన్ను అడిగింది, "తాతా, ఈ రోజు నువ్వు జ్వరం చీటీ రాయలేదు కదా. మరి నన్నెందుకు మర్సిపోనారు?"

ప్రమాదం వస్తే బయటపడటం నేర్పే మాక్‌డ్రిల్ రోజున "పాపను పంపకండి బాబూ" అనేవారు బడివాళ్లు. అందరి ముందు మోయించుకోవడం దానికి చిన్నతనమని, ప్రతిసారీ జ్వరమని రాసిచ్చింది నేనే. అందుకే దాన్ని దించాలన్న ధ్యాసే ఎవరికీ అలవాటు కాలేదు, నాక్కూడా.

సాయంత్రం నా గొప్పలు విని పక్కింటాయన దాన్నే అడిగాడు, "ఏటమ్మా, మీ తాతే మోసాడేటి?"

అది నా వైపు చూసి, "అవును, తాతే" అంది.

ఆ అబద్ధం నన్ను కోసేసింది. ఇక చీటీ రాయనని ఆ రాత్రే దానికి చెప్పాను. నమ్మలేనట్టు చూసింది.

"అయితే ఈసారి డ్రిల్లులో నన్ను కూడా దింపుతారా, తాతా?"