నల్లకోటు జేబులో దొరికిన చీటీ

నేను చదివింది నాలుగో తరగతి. చేతికి సూది అలవాటు గానీ కలం కాదు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో రాసేటప్పుడు తోచదు. ఎవరైనా నవ్వుతారేమోనని ఈ నాలుగు ముక్కలు రాయడానికి చాలా రోజులు వెనకాడాను. నా రాత బాగుండదు, ముందే మన్నించండి.

అరవైల మొదట్లో సూళ్లూరుపేటలో నాకు దర్జీ కొట్టు ఉండేది. మద్యనిషేధం ఉన్న రోజులు. అయినా దొంగసారా దొరికేది, నేను తాగేవాణ్ణి. చేయి వణికి ఒకరి పెళ్లి షేర్వానీ పాడుచేసిన వారం, నా భార్య బిడ్డను తీసుకుని నెల్లూరులో పుట్టింటికి వెళ్లిపోయింది. కొన్నాళ్లకు ఆమె తమ్ముడు వచ్చి కొట్టు గడపలోనే నిలబడ్డాడు.

"నలభై రోజులు చుక్క ముట్టకుండా ఉండు బావా. అక్కను పంపిస్తాం. నడమన తాగినావని తెలిసిందా, ఇంక మా గడప తొక్కబాక."

పక్కనే బట్టల కొట్టు శెట్టిగారిది. నా మీద కన్నేసి ఉంచమని ఆయనకు చెప్పి వెళ్లాడు. శెట్టిగారు అబద్ధం ఆడరని ఊళ్లో అందరికీ నమ్మకం.

పన్నెండో రోజు తాగాను. ఎవరూ చూడలేదనే అనుకున్నాను. మర్నాడు శెట్టిగారు తన నల్లకోటు తెచ్చి, బిగుతైంది, వదులు చెయ్యమన్నారు. కోటు విప్పే ముందు జేబులు వెతికి, దొరికింది రేకు డబ్బాలో వేసి పెట్టి, కోటుతోపాటు తిరిగివ్వడం మా పనిలో అలవాటు. ఆ రోజు లోపలి జేబులో ఒక చీటీ దొరికింది. మద్రాసులో ఒక వీధి, ఒక మేడ గుర్తు, ఆదివారం ఉదయం పది గంటలని రాసి ఉంది. దాని కింద "తాగుడు మానుకోవాలనుకునే వాళ్లు కూడే చోటు" అని ఉంది.

నన్ను పరీక్షించడానికి పెట్టారా? నేను అక్కడికి వెళితే తాగానని ఒప్పుకున్నట్టే కదా? పేర్లు రాసుకుని పోలీసులకు ఇస్తారేమో? అయినా ఆ గుర్తులన్నీ సుద్దతో నా బల్ల అడుగున రాసుకున్నాను. కోటుతోపాటు చీటీ ఇస్తే శెట్టిగారు చూడకుండానే జేబులో వేసుకున్నారు.

"ఏం సాయిబూ, చెయ్యి వణకతా ఉందే?"

"జొరం శెట్టిగారూ."

"జొరమా! ఎక్కువ కాకముందే చూపించుకో."

ఒక ఆదివారం స్టేషన్ దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. రెండో ఆదివారం తెల్లారి బండి ఎక్కాను. దారి పొడుగునా ఒక దొంగపేరు బట్టీ పట్టాను.

మేడ మీద గదిలో పదిమంది దాకా బెంచీల మీద కూర్చుని ఉన్నారు. అందరికంటే వెనక కూర్చున్నాను. తల ఎత్తితే ముందు బెంచీలో ఒక నల్లకోటు. వీపు కింద కాస్త వెలిసిన ముక్క. రంగు సరిపోయే గుడ్డ దొరక్క నేను వేసిన ముక్కే అది. కోటు ఆ మనిషి ఒంటి మీద గోనెసంచిలా వేలాడుతోంది.

పారిపోదామని లేచాను. గుమ్మంలో ఒక ముసలాయన టీ గ్లాసుతో ఎదురయ్యాడు. "కూర్చో నాయనా, చల్లారిపోతది," అన్నాడు తెలుగులోనే.

నా పేరు ఎవరూ అడగలేదు. శెట్టిగారు లేచి అరవంలో మాట్లాడారు. ఆయన కూడా ఒకప్పుడు తాగేవారట, ఆరేళ్లుగా ముట్టలేదట. తర్వాత అందరూ నావైపు చూశారు. గ్లాసు బెంచీ మీద పెట్టి లేచాను.

"నలభై రోజులని మా బావమరిదికి మాటిచ్చినా. పన్నెండో రోజే తాగినా," అన్నాను. శెట్టిగారు వెనక్కి తిరగలేదు. ఎవరూ నవ్వలేదు.

తిరుగు బండిలో ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం.

"చీటీ మరిచిపోయినారా శెట్టిగారూ?"

"దర్జీ జేబు చూడకుండా కోటు ఇప్పతాడా సాయిబూ? నేను తినేది రెండు ఇడ్లీలు, నాకు కోటు బిగుతేంది! ఈ ఆరేళ్లలో ఆడిన అబద్ధం అదొక్కటే."

"మా బావమరిది అడిగితే?"

"ఆ గదిలో ఇన్నది బయట చెప్పకూడదు. అట్టాగని నువ్వు తాగలేదనీ చెప్పను. గమ్మునుంటా. నేను గమ్మునుంటే ఆయనకు తెలీదా? అంతకు ముందే నువ్వు చెప్పుకో."

నలభయ్యో రోజు బావమరిది వచ్చాడు. నేరుగా శెట్టిగారి కొట్టు మెట్లు ఎక్కుతున్నాడు. మిషన్ మీద నుంచి లేచి పిలిచాను. జరిగింది చెప్పాను.

వాడు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "అక్క గుడ్డలు సర్దుకోని కూర్చోనుంది బావా. ఇప్పుడు పోయి ఏమని చెప్పేది?"

"నేను చెప్పిందే చెప్పు. తాగిన రోజు నుంచి ఇరవై ఎనిమిది రోజులైనాయి. ఇంకో పన్నెండు ఆగమను."

టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. శెట్టిగారి కొట్టు వైపు మాత్రం వెళ్లలేదు. ఆ పన్నెండు రోజుల్లో వచ్చిన రెండు ఆదివారాలూ మద్రాసు వెళ్లొచ్చాను. నెల్లూరు నుంచి కబురు లేదు.

పదమూడో రోజు పొద్దున నా భార్య బిడ్డను చంకనేసుకుని కొట్టు ముందుకొచ్చి నిలబడింది. నా కుడిచెయ్యి తీసుకుని చూసింది. చెయ్యి వణుకుతోంది.

"తాగి కాదు. భయం," అన్నాను.

"నాకూ భయంగానే ఉంది," అని లోపలికొచ్చి, బిడ్డను బల్ల మీద కూర్చోబెట్టింది.

కుట్టు వంకరపోతే విప్పి మళ్లీ కుట్టగలను. రాసినదాన్ని విప్పడం నాకు చేతకాదు. ఇందులో ఎక్కడైనా తప్పు దొర్లి ఉంటే, చదివిన మీరే సర్దుకుని నన్ను క్షమించండి.